పాత కుట్ల మాట ముందే చెప్పండి

ప్రశ్న: డాక్టరమ్మా, మాది ధర్మపురి. మా చెల్లెకు ఇప్పుడు ఏడో నెల. మూడేండ్ల కింద బాబు పెద్దాపరేషన్ తోటి పుట్టిండు. పోయిన నెల రెండు రోజులు కడుపు మెలిపెట్టినట్టు నొచ్చింది, వాంతులైనయి, గాలి గూడ పోలేదు. తర్వాత దానంతట అదే తగ్గింది. మళ్ళొస్తే ఆముదం తాగిద్దామని వాళ్ళత్తమ్మ అంటున్నది. తాగించొచ్చా?

జవాబు: వద్దమ్మా. తగ్గిందని ఊరుకోకుండా, ఈ వారంలోనే ఆమెను కాన్పుల డాక్టరుకు చూపించి ఈ సంగతంతా చెప్పండి.

ఐరన్ గోలీలతో వచ్చే మలబద్ధకంలో గాలి పోతుంది, తిన్నది కడుపులో నిలుస్తుంది. గాలి కూడా బందై, నొప్పి తెరలు తెరలుగా వస్తూ, పసరు వాంతులవుతూ, పొట్ట ఉబ్బుతుంటే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు ఆముదం, ఎనిమా ఇస్తే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. మూడు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులను వేవిళ్ళని సరిపెట్టుకోకండి.

గర్భిణుల్లో పేగు మూసుకుపోవడం అరుదే. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కారణం పాత ఆపరేషనే. కోసి కుట్టిన చోట పేగులు లోపల అతుక్కుంటాయి. ఏండ్ల తరబడి ఏ బాధా ఉండదు. గర్భసంచి పెద్దదై పైకి లేచేటప్పుడు, నెలలు నిండి బిడ్డ తల దిగేటప్పుడు, కాన్పయ్యాక సంచి కుంచించుకుపోయేటప్పుడు ఆ అతుకులు లాగి పేగును మడతపెడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు ఆపరేషన్లయితే తెలంగాణలో 60, కరీంనగర్ జిల్లాలో 82. ఇన్ని కోతల మధ్య రెండో కాన్పుకు వచ్చే ఆడబిడ్డల కడుపునొప్పిని తేలిగ్గా తీసుకోవడానికి నా మనసు ఒప్పదు.

మళ్ళీ నొప్పి వస్తే నోటికి ఏమీ ఇవ్వకుండా, ఎడమవైపు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. జగిత్యాలైనా కరీంనగరైనా, కాన్పుల డాక్టరుతో పాటు సర్జన్ కూడా ఉన్న దవాఖానకే పోవాలి. పాత ఆపరేషన్ కాగితాలు వెంట ఉంచుకోండి. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులో నిలిచిన నీరు తీస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. కొందరికి దీంతోనే పేగు విడుతుంది. జ్వరం వచ్చినా, తెరలుగా వచ్చే నొప్పి ఆగకుండా నిలిచిపోయినా పేగుకు రక్తం అందడం లేదేమోనని భయపడాలి. అప్పుడు ఆపరేషన్‌ను మరునాటికి వాయిదా వేయకూడదు.

ప్రశ్న: ఎక్స్‌రే తీస్తే బిడ్డకు ఏమన్నా అయితదా? పేగు ఆపరేషన్ చేస్తే బిడ్డను గూడ తీసేస్తరా?

జవాబు: ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు, వీలుంటే ఎంఆర్ఐ. రెంటిలోనూ రేడియేషన్ లేదు. ఒక ఎక్స్‌రేతో బిడ్డకు తగిలేది చాలా తక్కువ, దానికి భయపడి పరీక్ష ఆపకండి. ఏడో నెలలో బిడ్డ గుండె బాగా కొట్టుకుంటుంటే సాధారణంగా గర్భసంచిని కోయరు, పేగును మాత్రమే సరిచేస్తారు. నెలలు నిండినా, బిడ్డకు ఇబ్బంది కనిపించినా అదే ఆపరేషన్‌లో బిడ్డను కూడా తీస్తారు. కాబట్టి పుట్టిన పిల్లలను చూసే డాక్టరు కూడా అక్కడ ఉన్నారో లేదో చేరేటప్పుడే అడగండి.