వంట వ్యానుకు కరెంటు లెక్క

(మూడవ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

బండి మీద టిఫిను అమ్మడం మన తెలుగు పట్నాలకు కొత్త సంగతి కాదు. తోపుడు బండి, కిరసనాయిలు స్టవ్వు, పెట్రోమాక్సు దీపం, వీటితోనే ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని చదివించుకున్నారు. ఇప్పుడు దాని పక్కనే ‘ఫుడ్ ట్రక్’ వచ్చి నిలబడింది. పాత మినీ వ్యాను కొని, వెనకాల రేకుల గది కట్టించి, అందులో ఫ్రిజ్, మిక్సీ, కరెంటు దోసె పెనం, టీ నీళ్ళ హీటరు బిగిస్తున్నారు. డిగ్రీ చేతిలో ఉండి ఉద్యోగం లేని మన సోదరులు కొందరు ఈ దారి పడుతున్నారు. ఆ పెట్టుబడి అప్పు తెచ్చినదో, అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టినదో అయి ఉంటుంది. కాబట్టి ఆ వ్యానుకు కరెంటు ఎక్కడి నుంచి, ఎంత అన్నది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. మనం క్లాసులో చదివే నాలుగు సూత్రాలు ఇక్కడ డబ్బును, ఒక్కోసారి ప్రాణాన్ని కూడా కాపాడతాయి.

వాట్లు వేరు, యూనిట్లు వేరు

మొట్టమొదట తెలియవలసింది ఈ తేడా. పొలంలో పైపు ఎన్ని అంగుళాలది అన్నది ఒక ప్రశ్న, బావిలో నీళ్ళెన్ని ఉన్నాయన్నది ఇంకొక ప్రశ్న. వాట్లు పైపు లాంటివి, ఒక క్షణంలో ఎంత కరెంటు శక్తి కావాలో చెబుతాయి. యూనిట్లు బావిలో నీళ్ళ లాంటివి, మొత్తం మీద ఎంత ఖర్చయిందో చెబుతాయి. 1000 వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. జనరేటరు కొనేవాడు ముఖ్యంగా వాట్లు చూడాలి. బ్యాటరీ కొనేవాడు రెండూ చూడాలి. చాలామంది ఒక్కటే చూసి బజారుకు వెళ్తారు.

ఒక వ్యాను లెక్క

మా మేనత్త కొడుకు ఒకాయన వ్యాను పెట్టాలని సామాన్ల జాబితా రాసుకుని, “ఒరేయ్, నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా, ఇది కాస్త చూసిపెట్టు” అన్నాడు. కొట్టువాళ్ళు 5 కె.వి.ఏ. జనరేటరు చాలునన్నారట. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా వ్యాపారం, అంటే ఐదు గంటలు. బావా నేనూ కూర్చుని వేసిన లెక్క ఇది:

ఎల్.ఇ.డి. దీపాలు ఆరు, ఒక్కొక్కటి 10 వాట్లు: 60 వాట్లు, ఐదు గంటలకు 0.3 యూనిట్.
పొగ లాగే ఫ్యాను: 50 వాట్లు, 0.25 యూనిట్.
ఫ్రిజ్: 150 వాట్లు. కంప్రెసరు సగం సేపే తిరుగుతుందనుకుంటే దాదాపు 0.375 యూనిట్.
మిక్సీ: 750 వాట్లు, మొత్తం ఇరవై నిమిషాలు, 0.25 యూనిట్.
కరెంటు దోసె పెనం: 3000 వాట్లు. సగం సేపు ఆగి ఆగి నడిచినా 7.5 యూనిట్లు.
టీ నీళ్ళ హీటరు: 1500 వాట్లు, ఒక గంట, 1.5 యూనిట్లు.

అన్నీ కలిపితే 5510 వాట్లు, పది యూనిట్ల పైచిలుకు. 5 కె.వి.ఏ. అంటే 5000 వాట్లని అనుకోకూడదు. పవర్ ఫ్యాక్టరు 0.8 చొప్పున అది 4000 వాట్లే. అంటే కొట్టువాళ్ళు చెప్పిన జనరేటరు కూడా చాలదు!

కాని చివరి రెండు వస్తువులూ తీసేసి చూడండి. 1010 వాట్లు, సుమారు 1.2 యూనిట్లు మాత్రమే మిగులుతాయి. అంటే పదింట తొమ్మిది వంతుల కరెంటును మింగేది ఆ పెనమూ, ఆ హీటరూను. ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే: తిరిగే వస్తువుకు, చల్లబరిచే వస్తువుకు, వెలిగే వస్తువుకు కరెంటు పెట్టండి, వేడి పుట్టించే పని గ్యాసుకు అప్పజెప్పండి.

వేడి అంత ఖరీదా?

పది లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచాలంటే 10 × 4.2 × 70 = 2940 కిలోజౌళ్ళు, అంటే 0.8 యూనిట్ పైన కావాలి. ఇద్దరు పట్టి ఎత్తవలసిన 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో మొత్తం ఉండేది 1.8 యూనిట్లు. అది పదికాలాలు మన్నాలంటే సగానికి మించి వాడరాదు. ఇన్వర్టరులో పోయేది కూడా తీసేస్తే చేతికొచ్చేది ముప్పావు యూనిట్. అంత బరువు మోసినందుకు ఒక బిందెడు నీళ్ళు కూడా పూర్తిగా కాగవన్నమాట!

జనరేటరు సంగతి చూద్దాం. లీటరు పెట్రోలులో తొమ్మిది యూనిట్ల పైగా వేడి ఉంది. చిన్న జనరేటరు దానిలోంచి ఇచ్చే కరెంటు సుమారు రెండు యూనిట్లు. మిగతాది పొగగొట్టం పాలు. ఆ రెండు యూనిట్లనూ మళ్ళీ పెనం మీద వేడిగా మార్చడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అదే కిలో గ్యాసులో పన్నెండు యూనిట్ల పైగా వేడి ఉంది. సగం గాలికి పోయినా ఆరు యూనిట్లు గిన్నెకు అందుతాయి. పై జాబితాలోని తొమ్మిది యూనిట్ల వేడికి పెట్రోలయితే నాలుగున్నర లీటర్లు, గ్యాసయితే ఒకటిన్నర కిలో. రోజూ వ్యాపారం చేసేవాడికి ఇంతకంటే చెప్పక్కరలేదు. ఒక్క మాట, వ్యాపారానికి వాడవలసింది 19 కిలోల కమర్షియల్ సిలిండరే. ఇంటి సిలిండరు వాడడం నేరం.

అలాగని కరెంటు వంటను నేను తప్పుపట్టడం లేదు. వ్యాను ఒకేచోట నిలబడి, మీటరుతో పక్కా కనెక్షను ఉంటే ఇండక్షను స్టవ్వు మంచిదే. స్తంభానికి కొక్కెం తగిలించడం మాత్రం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం కిందికి వస్తుంది.

మోటారు లేచే క్షణం

పొలంలో మోటారు ఆన్ చేయగానే పక్కింటి దీపాలు ఒక్కసారి మసకబారడం పల్లెటూరి వాళ్ళందరం చూసినదే. ఇండక్షను మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్రిజ్ కంప్రెసరు కూడా అంతే. 150 వాట్ల ఫ్రిజ్ లేచే క్షణాన 900 వాట్ల దాకా అడగవచ్చు. అప్పుడే మిక్సీ కూడా తిరుగుతుంటే 60 + 50 + 750 + 900 = 1760 వాట్లు. ఆ క్షణానికి తట్టుకునేదే కొనాలి. 2.5 కె.వి.ఏ. జనరేటరు, అంటే 2000 వాట్లది, సరిపోతుంది. 1 కె.వి.ఏ. ఇన్వర్టరయితే చేతులెత్తేస్తుంది. వోల్టేజి పడిపోయి మోటారు లేవలేక మూలుగుతూ ఉండిపోతే వైండింగు కాలిపోతుంది. పొలంలో అయినా, వ్యానులో అయినా అంతే.

పిండి రుబ్బే గ్రైండరును వ్యానులో పెట్టనే వద్దు. మధ్యాహ్నం ఇంటి కరెంటు మీద రుబ్బుకుని తెచ్చుకుంటే ఒక పెద్ద మోటారు బరువు తప్పుతుంది.

బ్యాటరీయా, జనరేటరా?

మా బావ లెక్క 1.2 యూనిట్లు. ఇన్వర్టరు నష్టం కలిపితే 1.4. పైన చెప్పిన లెడ్ బ్యాటరీలు రెండయితే సగం వాడకంతో 1.8 యూనిట్లు ఇస్తాయి కాబట్టి చాలు. రాత్రి ఇంటికొచ్చాక చార్జింగు పెట్టుకోవచ్చు. చప్పుడుండదు, పొగ ఉండదు, తినేవాళ్ళు ప్రశాంతంగా తింటారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తేలిక, ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, కాని ముందు పెట్టే ఖర్చు ఎక్కువ. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలక ఉంటే, పగలు వ్యాను ఎండలో నిలిపినప్పుడు ఒకటిన్నర యూనిట్ దాకా వస్తుంది. జాతరలకు, పెళ్ళిళ్ళకు దూరాలు వెళ్ళేవాళ్ళకు జనరేటరు తోడుగా ఉండాల్సిందే.

ప్రాణం సంగతి

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని జౌల్ 1841లో ప్రకటించాడు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు. 2000 వాట్ల వస్తువు 230 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానికి దీపాల తీగ పనికిరాదు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్ వేయించాలి. 12 వోల్టుల బ్యాటరీ వైపు 800 వాట్లకే 67 ఆంపియర్లు పారతాయి. అక్కడ తీగ బొటనవేలంత లావున్నా వింతపడవద్దు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

వ్యాను రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. లోపల తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే ఆ కరెంటు నేలలోకి పోయే దారి లేక అక్కడే కాచుకుని ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి స్టీలు బల్ల మీద చెయ్యి వేసిన పిల్లవాడే దానికి దారి అవుతాడు. కాబట్టి బాడీకి ఎర్తు తీగ, లోపల 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు తప్పనిసరి. జనరేటరు మీద నడిపేటప్పుడు న్యూట్రలును దాని ఫ్రేముకు కలపకపోతే ఆ బ్రేకరు ఉన్నా పడకపోవచ్చు. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేతనే చేయించాలి. బ్రేకరు మీద ఉండే టెస్టు బటను అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

జనరేటరు వ్యాను లోపల ఎన్నడూ నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్ర పుచ్చినట్టే ప్రాణం తీస్తుంది. వంట గ్యాసు గాలి కంటే బరువు కనుక లీకయితే కిందనే పేరుకుంటుంది. వ్యాను అడుగున గాలి పోయే కంతలుండాలి. సిలిండరు దగ్గర బ్యాటరీ గాని, స్విచ్చి గాని, జనరేటరు గాని ఉండకూడదు.

మిత్రులారా, మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా ఇలాంటి వ్యాను పెట్టబోతుంటే, కొట్టుకు వెళ్ళకముందే ఒక కాగితం, కలం తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. వస్తువు పేరు, వాట్లు, గంటలు, లేచే క్షణాన కావలసినది అని నాలుగు గడులు గీయండి. వేడి పుట్టించే వస్తువుల మీద ఒక గీత కొట్టి మళ్ళీ కూడండి. మా బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పెనాన్ని గ్యాసు పొయ్యి మీదికి మార్చి, రెండు బ్యాటరీలకు బేరం మొదలుపెట్టాడు. అరగంట పని, ఒక సంసారానికి ఏడాది అప్పు తప్పించవచ్చు.