నేరం ఎవరిది? - మేము చదివిన ఐదు రకాల పుస్తకాలు



పరీక్షలయ్యాక హాస్టల్ గదుల్లో ఎక్కువగా చేతులు మారేవి డిటెక్టివ్ నవలలే. వాటిని చదవొద్దని మేము చెప్పం. మాకు చదివే అలవాటు అబ్బింది వాటితోనే. కానీ అక్కడే ఆగిపోకూడదని ఈ వ్యాసం.

1. కొమ్మూరి సాంబశివరావు నవలలు: డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. ఆధారం లేకుండా ఎవరినీ అనుమానించకూడదని వీటి దగ్గర నేర్చుకున్నాం. అయితే దోషి దొరకగానే పుస్తకం అయిపోతుంది.

2. మధుబాబు 'షాడో' నవలలు: అన్నం గంట కొట్టినా కింద పెట్టబుద్ధి కాదు. చదివే వేగం పెరుగుతుంది. ఆలోచించే తీరిక మాత్రం దొరకదు.

3. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు': రచయిత 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేశారు. మద్యనిషేధం నాటి సారా, పోలీసులు, కోర్టులు ఇందులో ఉంటాయి. మాట మన వైపు మాటే. చట్టం బీదవాడి దగ్గర ఒకలాగా, డబ్బున్నవాడి దగ్గర ఇంకొకలాగా ఎలా నడుస్తుందో ఈ కథలు చూపిస్తాయి.

4. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964): మాస్టారిది మన జిల్లా మురపాక. కథలో అప్పల్రాముడి అప్పు మీద ఊళ్ళో పంచాయతీ జరుగుతుంది. చివర ఒక హత్య. చంపిందెవరో అందరికీ తెలుసు, డిటెక్టివ్‌తో పనిలేదు. అయినా నేరం ఎవరిదన్న ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. అందుకే ముగింపు చెప్పం, మీరే చదవండి.

5. రిమార్క్ 'ఆల్ క్వైట్ ఆన్ ద వెస్ట్రన్ ఫ్రంట్' (1929): మొదటి ప్రపంచ యుద్ధం మీద జర్మన్ నవల. మాస్టారి మాట విని క్లాసు పిల్లలంతా సైన్యంలో చేరతారు. వాళ్ళది ఇంచుమించు మన వయసే. ఒక్కొక్కరే చనిపోతుంటే, ఇక్కడ దోషిగా ఎవరిని పట్టుకోవాలో యుగంధర్ కూడా చెప్పలేడనిపించింది.

తమ్ముళ్ళారా, ఊళ్ళో దొంగతనం జరిగితే ముందుగా మన పేటవైపు చూసే చూపు మనకు తెలుసు. అందుకే నేరం కథ చదివేటప్పుడు మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు చేశారు? ఎందుకు చేయాల్సి వచ్చింది? దానివల్ల లాభపడింది ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకమే చెబుతుంది. మిగతా రెండూ మనమే వెతుక్కోవాలి.

శ్రీకాకుళంలో రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలన్నది ఆయన ఆశయం. టౌనుకు వెళ్ళినప్పుడు సినిమాతో పాటు అది కూడా చూసి రండి.