ఇప్ప రాలే కాలంలో: అడవి అంచు పొలాల్లో తినే పూలు

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచున సువాసన ఉండి తినడానికి పనికొచ్చే పూలలో మొదటిది ఇప్ప పువ్వు. దుమ్ముగూడెం, చర్ల, ములకలపల్లి వైపు పొలం గట్ల మీద, పోడు భూముల్లో దున్నేటప్పుడు కొట్టకుండా వదిలేసిన ఇప్ప చెట్లు నేటికీ కనిపిస్తాయి. కొత్తగా పూలతోట వేయాలనుకునే రైతు ముందుగా తన భూమిలో ఇలాంటి చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవడం మంచిది. సాగు ఖర్చు లేకుండా చేతికొచ్చే పంట అది.

ఫాల్గుణంలో ఆకు రాల్చిన చెట్టు చైత్రం దాకా పూస్తుంది. పూలు రాత్రిపూట విచ్చుకుని, తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా రాలుతాయి. ఏరడం తేలికవుతుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. దీన్ని పూర్తిగా మానుకోవాలి. ఆ మంట అడవిలోకి పాకుతుంది, కింద మొలిచిన ఇప్ప మొక్కలు మాడిపోతాయి, పువ్వుకు బూడిద, పొగ వాసన అంటుతాయి. సారా బట్టీకి పోయే పువ్వుకు ఇవేవీ పట్టింపు కాకపోవచ్చు, పాయసంలోనో షర్బత్‌లోనో వేసే పువ్వుకు మాత్రం పనికిరావు. ఆకులను చీపురుతో ఊడ్చి, కొమ్మల కింద నడుమెత్తున నైలాన్ వల గానీ, ఉతికిన పాత చీరలు గానీ కట్టాలి. నేలను తాకని పువ్వుకు మట్టి, ఇసుక అంటవు. ఎలుగుబంట్లకు ఇప్ప పువ్వంటే ప్రాణం కాబట్టి అడవిని ఆనుకున్న చెట్ల దగ్గరికి చీకట్లో ఒంటరిగా వెళ్లకూడదు. వెలుగు వచ్చాక నలుగురూ కలిసి వెళ్లాలి.

ఇప్ప పువ్వులో తీపి ఎక్కువ, తడీ ఎక్కువే. ఏరిన పువ్వును గంపలో కుక్కి సాయంత్రం దాకా ఉంచితే పులిసిపోతుంది. అదేరోజు పలచగా ఆరబోయాలి. నేల మీద టార్పాలిన్ కన్నా, వెదురు మంచె మీద పరిచిన వల మేలు, గాలి కింది నుంచీ తగులుతుంది. ఈగలు, దుమ్ము పడకుండా పైన పలచని గుడ్డ కప్పాలి. మూడు నాలుగు ఎండలకు పువ్వు ఎర్రబారి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. అప్పుడు చేతులతో నలిపి చెరిగితే లోపలి కేసరాలు రాలిపోతాయి. అవి ఉంటే చేదు, గరుకు తగులుతాయి. నాలుగైదు కిలోల పచ్చి పువ్వుకు సుమారు కిలో ఎండు పువ్వు వస్తుంది. వానాకాలంలో ఇది గాలిలోని తేమను ఇట్టే పీల్చి బూజు పడుతుంది కాబట్టి మూత బిగుతుగా ఉండే డబ్బాల్లోనే దాచాలి.

ఎండిన ఇప్ప పువ్వుకు కేంద్రం 2020లో కనీస మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. వలలో పట్టి శుభ్రంగా ఎండబెట్టిన పువ్వును ఆ ధరకే ఇచ్చేయనక్కర్లేదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దీంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా అడవుల ఎండు పువ్వు 2021లో ఫ్రాన్స్ దాకా వెళ్లింది. సన్నగా తరిగి పాయసం, పెరుగు, ఐస్‌క్రీమ్ మీద చల్లుకోవచ్చు. నీళ్లలో నానబెట్టి వడకట్టి, నిమ్మరసం కలిపితే మంచి పానీయం.

కొత్త చెట్లకు గింజలు జూన్, జూలైలో దొరుకుతాయి. వీటికి మొలిచే శక్తి త్వరగా పోతుంది, పండు నుంచి తీసిన వారం పది రోజుల్లోనే నాటాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక పొడవైన సంచుల్లో పెంచాలి, లేదా గట్టు మీదే నేరుగా విత్తుకోవాలి. గింజ మొక్క పూతకు రావడానికి ఎనిమిది పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అంతకాలం ఆగలేనివారికి మల్లె, పన్నీరు గులాబీ, శంఖుపుష్పం ఉన్నాయి. చలికాలంలో కత్తిరించిన మల్లె మార్చి నుంచి పూస్తుంది. మొగ్గలను తాగునీటి కుండలో రాత్రంతా ఉంచి, పొద్దున తీసేస్తే నీళ్లకు వాసన పడుతుంది. మల్లెను తినడం కన్నా ఇలా వాడుకోవడమే బాగుంటుంది. పన్నీరు గులాబీ రేకులు గుల్కంద్‌కు, మిఠాయిల మీద అలంకరణకు వస్తాయి. రేకు అడుగున తెల్లటి భాగం చేదు, దాన్ని తుంచేయాలి. శంఖుపుష్పానికి వాసన లేదు, రంగే దాని విలువ. నీలి కషాయంలో నిమ్మరసం పిండగానే ఊదా రంగుకు మారుతుంది. గింజలను రాత్రంతా నానబెట్టి, తొలకరి పడ్డాక కంచె పక్కన విత్తితే రెండు నెలల్లో పూత మొదలవుతుంది. పప్పు జాతి మొక్క కాబట్టి నేలకూ మేలే.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు మందులతోనే. మిరప, పత్తి చేలల్లో కొట్టే పురుగుమందు గాలికి కొట్టుకొచ్చి పూల మీద పడుతుంది. తినే పూల మడిని ఆ చేలకు దూరంగా, ఇంటి పెరట్లో గానీ, గాలి వచ్చే వైపున గానీ పెట్టి, చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేయాలి. మల్లెలో మొగ్గ తొలిచే పురుగు కనిపిస్తే చెడిన మొగ్గలను కోసి నాశనం చేయాలి. అవసరమైతే వేపనూనె కొట్టి, కొన్నాళ్లు తిండికి కోయకుండా ఆపాలి. దండల కోసం బజారులో అమ్మే పూలకు ఏ మందు కొట్టారో తెలియదు, అవి విస్తట్లోకి రాకూడదు.

అడవిలో, పెరట్లో అందంగా కనిపించే ప్రతి పువ్వూ తినేది కాదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, అడవినాభి ప్రాణాంతకమైన విషపు మొక్కలు. తినే పూల మడిలోనే కాదు, దాని కంచెలోనూ వీటిని ఉంచకూడదు. కోతకు కూలీలను పెట్టేవారు వీటిని ముందే చూపించి చెప్పాలి.