సుడిదోమతో పాటు సాలీళ్లనూ లెక్కపెట్టండి

ఖరీఫ్ వరి చాలాచోట్ల పిలకల దశ దాటి చిరుపొట్టకు వస్తోంది. ముసురు పట్టి, మడిలో నీరు నిలిచి, దుబ్బుల మధ్య గాలి ఆడని చోట సుడిదోమ ఇప్పుడే పుంజుకుంటుంది. మొదట్లో నాలుగు దోమలు కనిపించగానే మందుల దుకాణానికి బయలుదేరకండి. దుబ్బును కాస్త వంచి, మొదలు మీద చేత్తో నెమ్మదిగా తట్టండి. నీళ్లలో రాలిపడ్డ దోమల వెంట ఎనిమిది కాళ్లతో పరుగెత్తే సాలీళ్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. మందు కొట్టాలా వద్దా అన్నది ఈ రెండు లెక్కలూ కలిపి తేల్చాల్సిన విషయం.

అలా నీటి మీద పరుగెత్తేది ఎక్కువగా లైకోసా సాలీడు. బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. తల వెనక వీపు మీద పంగలకర్రలాంటి గుర్తు ఉంటుంది. ఇది గూడు అల్లదు. దుబ్బు మొదళ్లలో తిరుగుతూ ఎదురైన పురుగును వెంటాడి పట్టుకుంటుంది. రోజుకు 5 నుంచి 15 పురుగుల దాకా తింటుంది. సుడిదోమకు దీన్ని మించిన శత్రువు మన మడిలో అరుదు. తల్లి సాలీడు తెల్లటి గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికి వచ్చాక వాటిని వీపు మీద మోస్తుంది. కలుపు తీసేవాళ్లు ఆ సంచిని చూసి ఏదో పురుగనుకుని నలిపేస్తుంటారు. దయచేసి వాళ్లకు చూపించి చెప్పండి. ఒక్క సంచి నలిగితే పదుల కొద్దీ పిల్లలు పోయినట్టే. ఇది మనిషి జోలికి రాదు. చేతికింద నలిగితే కరవొచ్చు గానీ ప్రాణభయం లేదు.

దుబ్బు పైభాగంలో, ఆకుల మధ్య ఉండేది ఆక్సియోపిస్. కాళ్ల నిండా ముళ్లలాంటి నూగు, పొట్ట పక్కల తెల్లటి ఏటవాలు గీతలు దీని గుర్తులు. ఇదీ గూడు కట్టదు. కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగుల రెక్కల పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. రోజుకు రెండు మూడింటిని పట్టినా చాలు. గుడ్లు పెట్టకముందే తల్లి పురుగు పోతే ఆ సంతతి పొలంలో పుట్టదు.

గూడు అల్లేవాటిలో టెట్రాగ్నాత ముఖ్యం. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎండపూట కాళ్లు ముందుకీ వెనక్కీ చాపి ఆకు మీద అతుక్కుపోతుంది, తెలియనివాళ్ల కంటికి ఆనదు. తెల్లవారుజామున మంచు పట్టిన గూళ్లు మెరుస్తున్నప్పుడు వెళ్తే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పచ్చదోమలు, ఈగలు వీటికి చిక్కుతాయి. పసుపు చారల ఆర్జియోపి పైరు గుబురుగా ఎదిగాకే కనిపిస్తుంది.

కూరగాయలు వేసినవాళ్లకు ఒక మాట. బెండ, వంగ ఆకుల అడుగున సన్నటి బూజు, దాని కింద ఎర్రటి చుక్కల్లాంటి పురుగులు ఉంటే అవి సాలీళ్లు కావు, రసం పీల్చే ఎర్రనల్లి. దానికి వైద్యం వేరు.

ఇక లెక్క. పొలంలో మూలలకు వాలుగా నడుస్తూ అయిదు చోట్ల నాలుగేసి చొప్పున 20 దుబ్బులు చూడండి. సుడిదోమకు మందు కొట్టడానికి మన దగ్గర చెప్పే హద్దు పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, వెన్ను వచ్చాక 20 నుంచి 25. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సాలీళ్లను కూడా ఇందులో కలిపింది. అవి లేకపోతే పిలకకు ఒక దోమ హద్దు, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు దోమల దాకా ఆగొచ్చు. అంటే దుబ్బుకొక్క సాలీడు ఉంటే హద్దు రెట్టింపవుతోంది. ఒక పిచికారీ ఖర్చు తప్పడానికి ఇది చాలదా?

తొందరపడి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడితే జరిగేది వేరు. దోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల దాచిపెడుతుంది, మందు వాటిని చేరదు. పైన తిరిగే సాలీళ్లు మాత్రం చచ్చిపోతాయి. వారం పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లదోమలు వచ్చేసరికి వాటిని తినేవాళ్లుండరు. సాలీళ్లు మళ్లీ పెరగడానికి ఎన్నో వారాలు పడుతుంది. ఇండోనేసియా ఈ దెబ్బ తిన్నాకే 1986లో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మన రైతులు ఆ నష్టం మళ్లీ చవిచూడాల్సిన పని లేదు.

సాలీళ్లు కొత్త మడిలోకి గట్ల మీద నుంచే దిగుతాయి. పిల్ల సాలీళ్లు దారం వదిలి గాలిలో తేలుతూ కూడా వస్తాయి. గట్ల గడ్డినంతా ఒకేసారి చెక్కేయకండి, కలుపుమందుతో మాడ్చకండి. పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేసిన మడిలో నాటిన తొలి వారాల్లోనే చిన్న ఈగలు పుడతాయి. పురుగులు రాకముందు సాలీళ్లకు అవే తిండి. ఆలస్యంగా నాటిన చివరి ఆయకట్టు రైతులు తొలి 30 రోజుల్లో ఆకు తినే పురుగులకు మందు కొట్టకుండా ఆగితే సాలీళ్ల సంతతి నిలబడుతుంది. గడ్డి మోపులను చిన్న కట్టలుగా కర్రలకు కట్టి మడిలో అక్కడక్కడా పాతినా సాలీళ్లు వాటిలో తలదాచుకుంటాయి.

హద్దు దాటితే ఆగొద్దు. నీరు తీసేయండి. ప్రతి 2 మీటర్లకు వదలాల్సిన 20 సెంటీమీటర్ల కాలిబాట వదలకపోతే పాయలు తీసి గాలి ఆడేలా చేయండి. తర్వాత లీటరు నీటికి బుప్రోఫెజిన్ 1.6 మి.లీ. లేదా పైమెట్రోజిన్ 0.6 గ్రా. కలిపి దుబ్బు మొదళ్లు తడిసేలా పిచికారీ చేయండి. దోమ ఒక మూలనే ఉంటే ఆ మూలకూ, దాని చుట్టూ కొంత మేరకూ కొడితే చాలు. వారం తర్వాత అవే చోట్ల మళ్లీ లెక్కపెట్టి, దోమల, సాలీళ్ల అంకెలు రెండూ రాసుకుని మీ వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించండి.