ప్రధానోపాధ్యాయుల పై చదువు గురించి మేనకోడలికి



తెలంగాణలో స్కూల్ అసిస్టెంటుగా పనిచేసేవారు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులు కావడానికి సీనియారిటీతో పాటు, సాధారణంగా పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరమైన పరీక్షలు, అంటే గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు గట్టెక్కవలసి ఉంటుంది. సర్వీసు నిబంధనలు, సెలవుల లెక్కలు, జీతాల బిల్లులు, ట్రెజరీ పద్ధతులు వీటికి విషయాలు. వీటి మీద పట్టు లేకపోతే తోటి టీచర్ల ఇంక్రిమెంట్లు కూడా ఆగిపోతాయి కాబట్టి ఆ పరీక్షలను చిన్నచూపు చూడడానికి వీల్లేదు. అయితే ఎనిమిదో తరగతి గణితం పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని ఎలా పరిశీలించాలో, గమనించిన లోపాన్ని ఆ టీచరు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో, మూడో తరగతికి వచ్చినా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లల కోసం టైమ్‌టేబుల్‌ను ఎలా మార్చాలో అడిగే ప్రశ్న వాటిలో కనిపించదు. విద్యా నాయకత్వం, విద్యా విధానం కలిపి పీజీ స్థాయిలో చదవవలసిన అవసరం ఈ ఖాళీలోనే పుడుతోంది. ఆ ఖాళీని పూడ్చని కోర్సు ఎంత పెద్ద పేరున్న సంస్థలో ఉన్నా మేనకోడలికి పనికిరాదు.

ఈ చదువులో విధానం అనేది ఒక భాగం. చట్టం, ఉత్తర్వు, నిధుల కేటాయింపు, పోస్టుల మంజూరు ఎవరి నిర్ణయంతో, ఏ లెక్కతో జరుగుతాయో, అవి రాజధాని నుంచి జిల్లాకు, మండలానికి, బడికి దిగివచ్చేసరికి ఏ రూపం తీసుకుంటాయో అది చెబుతుంది. మైకేల్ లిప్‌స్కీ అనే అమెరికా రాజనీతి పండితుడు 1980లో ప్రచురించిన గ్రంథంలో, ప్రజలతో నేరుగా వ్యవహరించే టీచర్లు, పోలీసులు, సంక్షేమ సిబ్బంది రోజూ తమ విచక్షణతో తీసుకునే నిర్ణయాలే ప్రజలకు అందే అసలు విధానమని వాదించాడు. మా కీసర మండలంలోని ఏ బడిని చూసినా ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని చెబుతుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు టీచర్లను పంపరాదని 27వ సెక్షన్ చెబుతుంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి కులసర్వేకు రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను నియమించినప్పుడు ఆ బడులు ఒంటిపూట నడిచాయి. సర్వే మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పోయిన గంటలు ఎన్ని, అవి ఏ తరగతి పిల్లలవి, వాటిని ఎప్పుడు తిరిగి ఇవ్వగలమన్న లెక్క వేయవలసింది మాత్రం ప్రధానోపాధ్యాయులే, ఎందుకంటే ఆ లెక్క మరే కార్యాలయంలోనూ ఉండదు.

రెండో భాగమైన నాయకత్వం విషయంలో మేనకోడలు అన్నింటికన్నా ముందు నేర్చుకోవలసింది బోధనా నాయకత్వం. బడి నడిపే వ్యక్తి తన సమయంలో పెద్ద వంతును పాఠాల పరిశీలనకు, టీచర్లతో చర్చకు, పిల్లల అభ్యసన ఫలితాల సమీక్షకు ఇవ్వడమే దాని అర్థం. న్యూజిలాండ్ పండితురాలు వివియాన్ రాబిన్సన్, ఆమె సహచరులు అప్పటికి వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2008లో చేసిన విశ్లేషణలో, పిల్లల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపిన నాయకత్వ లక్షణం టీచర్ల శిక్షణను ప్రోత్సహించడం, అంతకు మించి తాను కూడా వారితో కలిసి కూర్చుని నేర్చుకోవడం అని తేలింది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి టీచర్లను పంపి, తాను ఆఫీసు గదిలో యూడైస్ (బడుల గణాంకాల) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు యాప్ సరిచూసుకుంటూ మిగిలిపోయే ప్రధానోపాధ్యాయుల కష్టం నిజమైనదే, వారిని తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. కానీ ఆ అలవాటు వల్ల బడి ఎంత నష్టపోతుందో ఈ పరిశోధన స్పష్టంగా చూపిస్తుంది.

పరిశోధనలను చదివే పద్ధతి కూడా ఈ చదువులోనే అలవడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన అధ్యయనం అందుకు మంచి పాఠం. కొన్ని బడులను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. మిగిలిన బడులతో పోల్చితే రెండేళ్లలో అక్కడి పిల్లలు గణితంలోనూ భాషలోనూ ముందుకు వెళ్లారని 2011లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. ఇందులో జాగ్రత్తగా గమనించవలసింది ఏమిటంటే, టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున వారు అదనంగా హోంవర్కు ఇవ్వడం, అదనపు తరగతులు తీసుకోవడం పెరిగింది. హాజరు మీద మాత్రమే కన్నేసే పర్యవేక్షణకు ఈ ఫలితం గట్టి హెచ్చరిక. అదే మురళీధరన్, అభిజీత్ సింగ్‌తో కలిసి మధ్యప్రదేశ్‌లో పరిశీలించిన బడుల మెరుగుదల కార్యక్రమంలో, మదింపులూ ప్రణాళికల తయారీ చక్కగా పూర్తయ్యాయి గానీ బోధనలోనూ పిల్లల చదువులోనూ మార్పు రాలేదని తేలింది. కాగితాలు పూర్తయ్యాయన్న తృప్తితోనే ఆ నమూనా దేశమంతటా విస్తరించింది. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయమని ప్రతి యాజమాన్య కమిటీకి విద్యాహక్కు చట్టం చెప్పిన దేశంలో, ప్రణాళిక రాయడానికీ బడి మారడానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలిసిన ప్రధానోపాధ్యాయులే ఆ కాగితానికి ప్రాణం పోయగలరు.

ఎక్కడ చదవాలన్న దానికి అంత ఆలోచన అక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎం.ఎడ్. ఉంది, ఉప్పల్, నాచారం వైపు వారికి దగ్గరే, అయితే రెగ్యులర్ చదువు కాబట్టి సెలవు పెట్టక తప్పదు. ఇగ్నో విద్యా నిర్వహణ, పరిపాలనలో దూరవిద్యా పద్ధతిన ఏడాది పీజీ డిప్లొమా ఇస్తోంది. 1962లో యునెస్కో సహకారంతో ఢిల్లీలో మొదలై ఇప్పుడు నీపా అని పిలుస్తున్న జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థలో 2012 నుంచి పాఠశాల నాయకత్వానికి ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, రాష్ట్ర లైసెన్సు కావాలి కాబట్టి అక్కడి కోర్సులు ఆ లైసెన్సు అవసరాలకు తగ్గట్టు తయారయ్యాయి; అక్కడే స్థిరపడే ఆలోచన లేనివారు అప్పు చేసి వాటికి వెళ్లడం తెలివైన పని కాదు. మేనకోడలు ఉద్యోగం మానకుండా మొదట డిప్లొమా పూర్తిచేయడం, దానిలోని ప్రతి అసైన్‌మెంటుకూ తాను పనిచేసే బడినే విషయంగా తీసుకోవడం, ఆ తర్వాత అవసరమనిపిస్తే ఎం.ఎడ్. వైపు వెళ్లడం మేలు. పుస్తకంలో చదివిన సిద్ధాంతం మర్నాడు ఉదయం ప్రార్థన సమయానికే పరీక్షకు నిలబడే అవకాశం ఉద్యోగంలో ఉన్నవారికే దొరుకుతుంది.

పరిశోధనాంశం కోసం దూరం పోనక్కర్లేదు. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు విద్యాసంవత్సరం మధ్యలో బడికి వస్తారు. తండ్రి పని మారిందంటే పాత బడి నుంచి టీసీ ఉండదు, వయసు ధ్రువీకరణ ఉండదు, తెలుగు రాదు. వయసు చూస్తే ఐదో తరగతి, చదువు చూస్తే ఒకటో తరగతి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం అంటుంది, వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని దాని 4వ సెక్షన్ అంటుంది. ప్రవేశాల రిజిస్టరులో ఆ బిడ్డ పేరు ఏ తేదీన ఎక్కింది, ప్రత్యేక శిక్షణ ఎవరు ఎన్ని రోజులు ఇచ్చారు, ఏడాది చివర ఆ పేరు ఎదురుగా ఏం రాసి ఉంది అన్న మూడు సంగతులు కొన్ని బడుల్లో ఓపికగా సేకరిస్తే, ఏ విశ్వవిద్యాలయమూ కాదనలేని పరిశోధన తయారవుతుంది. కీసర వైపు గ్రామాల సంగతి వేరు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదలైన గురుకుల విధానం ఎందరో పేద పిల్లలను పైకి తెచ్చింది, అది కాదనరాని మేలు. అదే సమయంలో ఐదో తరగతి ప్రవేశ పరీక్షతో చురుకైన పిల్లలు గురుకులాలకు, ఇంకొందరు ప్రైవేటు బడి బస్సుల్లో పట్నం వైపు వెళ్లిపోతే, ఊరి బడిలో మిగిలిన పిల్లలకు ఏం జరుగుతోందన్నది ఇంకా గట్టిగా అడగవలసిన ప్రశ్న.

దరఖాస్తు నింపే ముందు మేనకోడలు చేయవలసిన పని ఒకటి ఉంది. జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి తన తరగతుల్లో పాఠం నిజంగా జరిగిన గంటలను రిజిస్టర్లు చూసి లెక్కగట్టి, 1000 గంటల లక్ష్యం పక్కన ఆ అంకె వేసి, తేడాకు కారణాలు ఒక పేజీలో రాసి పంపాలి. పైన చెప్పిన క్రమం సరైనదేనా అన్నది ఆ పేజీ చూసిన తర్వాతే ఖాయం చేసుకోవచ్చు.

ఆశీస్సులతో,
మేనమామ, కీసర