పిల్లల చూపు ఒక్కచోట ఆగిపోతే: కంటి చూపుతో చేసే చికిత్స గురించి మనం తెలుసుకోవాల్సింది



దసరా సెలవుల తర్వాత నా క్లాసులో జరిగిన ఒక విషయంతో మొదలుపెడతాను. బాబు పేరు, తరగతి చెప్పను. వాళ్ల అమ్మగారిని అడిగి, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

సెలవులకు ముందు గలగలా మాట్లాడే పిల్లాడు. తిరిగి వచ్చాక ఏది అడిగినా కిటికీ వైపే చూసేవాడు. హోంవర్క్ గురించి అడిగినా, పాఠం చదవమన్నా చూపు అక్కడే. "నావైపు చూసి మాట్లాడు" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి గొంతు పెంచాను. వాడు తల దించుకున్నాడు. ఆ రోజంతా మళ్లీ నోరు తెరవలేదు. "క్లాసులో శ్రద్ధ లేదు" అని డైరీలో రాసి పంపాను.

పేరెంట్స్ మీటింగ్ రోజు వాళ్లమ్మగారు అసలు సంగతి చెప్పారు. అమ్మమ్మ ఊరి నుంచి వస్తుంటే మద్దూరు రోడ్డు మీద ట్రాక్టర్, బైక్ గుద్దుకోవడం బాబు కళ్లారా చూశాడు. "మేడం, అప్పటిసంది బుగులు పడ్డడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుండు. ట్రాక్టర్ సప్పుడు ఇంటే చెవులు మూసుకుంటుండు" అన్నారు. మా క్లాసు కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. ట్రాక్టర్ వస్తుందేమోనని వాడు కాపు కాస్తున్నాడు. దాన్ని నేను శ్రద్ధ లేకపోవడం అనుకున్నాను. తప్పు నాది.

తర్వాత ఆమె ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు. "మా తమ్ముడు పంపిండు మేడం. ఒక చుక్క దిక్కు సూపు నిలబెడితే భయం పోతదంట. ఇంట్ల మేమే చేయొచ్చునా?" అని అడిగారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. చదివి తెలుసుకున్నాక ఈ వ్యాసం రాస్తున్నాను.

చూపుకూ మనసుకూ సంబంధం ఉందా?

ఉంది. "మన ఇంట్లో జరిగిన ఆఖరి పెళ్లిలో మీ పక్కన కూర్చుని భోంచేసింది ఎవరు?" అని ఎవరైనా అడిగితే, జవాబు వెతుక్కుంటూ మీ చూపు తెలియకుండానే పక్కకో పైకో వెళ్తుంది. పిల్లలూ అంతే. కష్టమైన ప్రశ్న గురించి ఆలోచించేటప్పుడు ఎదుటివారి ముఖం మీద నుంచి చూపు తిప్పుకుంటారు. అది వారి ఆలోచనకు సాయపడుతుందని బ్రిటన్‌లో పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. కాబట్టి చూపు తిప్పుకున్న పిల్లలంతా వినడం లేదని అనుకోకూడదు.

రెండు పద్ధతులు, రెండు కథలు

మొదటిది ఈఎండీఆర్. అమెరికాకు చెందిన ఫ్రాన్సిన్ షపీరో 1987లో పార్కులో నడుస్తున్నప్పుడు, తన కళ్లు అటూ ఇటూ కదులుతుంటే మనసులోని బాధ తగ్గడం గమనించారు. దాని మీద ఆమె చేసిన మొదటి అధ్యయనం 1989లో అచ్చయింది. ఈ చికిత్సలో బాధపెట్టే జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్ట్ వేళ్లు కదిలే వైపు చూపు కదపాలి. ఒకేసారి రెండు పనులు చేయాల్సి రావడంతో ఆ జ్ఞాపకంలోని పదును తగ్గుతుందని ఒక వివరణ. గుజరాత్‌లో 2001 జనవరి 26న భూకంపం వచ్చాక మన దేశంలోని మానసిక నిపుణులకూ ఇందులో శిక్షణ ఇచ్చారు.

రెండోది బ్రెయిన్‌స్పాటింగ్. వాళ్లమ్మగారు చూపించిన వీడియో దీని గురించే. ఈఎండీఆర్ చేస్తూ వచ్చిన డేవిడ్ గ్రాండ్ అనే అమెరికన్ థెరపిస్ట్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. ఆయన దగ్గరికి మంచు మీద స్కేటింగ్ చేసే ఒక అమ్మాయి వచ్చేది. ఒక రకం జంప్ ఎంత సాధన చేసినా ఆమెకు రావడం లేదు. ఆయన వేలి వెంట చూస్తుంటే ఒకచోట ఆమె కళ్లు వణికి ఆగిపోయాయి. ఆయన కూడా వేలు అక్కడే ఆపారు. అప్పుడు అంతకుముందు చెప్పని పాత బాధలు ఆమె మనసులోంచి బయటికొచ్చాయి. మర్నాడు ఆ జంప్ చేయగలిగిందని ఆయన చెప్పారు.

ఇందులో థెరపిస్ట్ ఒక పుల్లను కళ్ల ముందు మెల్లగా జరుపుతారు. ఎక్కడ చూస్తే బాధ ఎక్కువగా తెలుస్తుందో చెప్పమంటారు. రెప్పపాటు, గుటక, ఊపిరి కూడా గమనిస్తారు. ఆ చోట చూపు నిలిపి, ఒంట్లో ఏమనిపిస్తుందో గమనించమంటారు. ఎక్కువ మాట్లాడాల్సిన పని ఉండదు.

ఏది ఎంతవరకు రుజువైంది?

రెండూ కంటితో ముడిపడినవే అయినా రుజువుల్లో తేడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో, ఘోరాలు చూసి కోలుకోలేని పెద్దలకూ పిల్లలకూ రెండు చికిత్సలు సూచించింది. ఒకటి, ఆ సంఘటన గురించి మాట్లాడిస్తూ ఆలోచనలను సరిచేసే సీబీటీ. రెండోది ఈఎండీఆర్. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు మాత్రం పిల్లలకు ముందు సీబీటీ చేయమని, దానితో ఫలితం లేకపోతేనే ఈఎండీఆర్ ఆలోచించమని 2018లో చెప్పాయి.

బ్రెయిన్‌స్పాటింగ్ మీద ఇంకా తక్కువ పరిశోధనలే జరిగాయి. మెదడులో అది ఎలా పనిచేస్తుందో చెప్పేవి ఊహలే, రుజువులు కావు. మేలు జరిగిందని చెప్పేవారు ఉన్నారు. అయినా మన పిల్లలకు మొదటి మందుగా దాన్ని ఎంచుకోవడానికి అది చాలదు.

ఇంట్లో మనమే చేయొచ్చా?

వద్దు. చూపు నిలబెట్టడం తేలికే. దానితో పాటు పైకి వచ్చే భయాన్ని పట్టుకోవడమే కష్టం. పిల్లాడు ఏడుపు ఆపలేకపోతే, ఊపిరి బిగబడితే ఏం చేయాలో శిక్షణ పొందినవారికే తెలుస్తుంది. "ఇక్కడే చూడు, కదలకు" అని బలవంతం చేస్తే, నేను క్లాసులో చేసిన తప్పే మీరు ఇంట్లో చేసినట్టవుతుంది.

మరి మనం చేయగలిగింది ఏమిటి?

• పిల్లలు ఎటో చూస్తుంటే "ఇటు చూడు" అనకండి. "ఏం కనిపిస్తోంది నాన్నా?" అని మెల్లగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి.

• పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తే పరీక్షలా ఉంటుంది. చపాతీ పిండి కలుపుతూనో, నడుస్తూనో మాట్లాడితే పిల్లలు తేలిగ్గా చెప్తారు.

• "మగపిల్లాడివి, భయమేంటి?" అనకండి. "అది చూస్తే ఎవరికైనా బుగులే. ఇప్పుడు నువ్వు మా దగ్గర ఉన్నావు" అనండి.

• తిండి, నిద్ర, బడి వేళలు మార్చకండి. ఫోన్‌లో యాక్సిడెంట్ వీడియోలు పిల్లల కంట పడనీయకండి.

• దిష్టి తీయించడం, దర్గాకో గుడికో తీసుకెళ్లడం మీ నమ్మకం. దానివల్ల ధైర్యం వస్తే మంచిదే. దానికోసం డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపకండి.

• పనికోసం పుణె, ముంబై వెళ్లిన తల్లిదండ్రులు ఫోన్‌లో మార్కుల కంటే ముందు నిద్ర గురించి అడగండి. ఇంట్లో ఉన్న నానమ్మ, తాతయ్యలకూ ఈ విషయాలు చెప్పండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే కుదుటపడతారు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, బడికి రాననడం, పక్క తడపడం తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. చనిపోతానని అంటే, తనను తాను గాయపరచుకుంటే నెల ఆగకుండా అదే రోజు వెళ్లండి.

మొదట 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆస్పత్రిలో డాక్టర్లు ఉన్నారు. ప్రైవేటుగా వెళ్తే ఆ సైకాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లలతో పనిచేసిన అనుభవం ఉందా అని అడగండి. అలా అడగడం మీ హక్కు. ఒకటి రెండు సిట్టింగుల్లో గ్యారంటీగా తగ్గిస్తామంటే జాగ్రత్త పడండి.

చివరిగా ఒక మాట. మన పాత పాలమూరు జిల్లాలోనే 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడు చనిపోయినవారిని, గాయపడినవారిని లెక్కపెడతారు. రోడ్డు పక్కన నిలబడి చూసిన పిల్లలు ఆ లెక్కలోకి రారు. వాళ్లను గుర్తించాల్సింది ఇంట్లో మీరు, బడిలో మేము. పిల్లలు ఏదైనా ఘోరం చూస్తే డైరీలో ఒక్క లైను రాసి పంపండి, చాలు.

ఆ బాబు వాళ్లమ్మగారు 14416కు ఫోన్ చేసి సలహా తీసుకున్నారు. క్లాసులో నేను వాడి సీటు మార్చాను. ఎక్కడ కూర్చుంటావని వాడినే అడిగితే తలుపు దగ్గర, స్నేహితుడి పక్కన అన్నాడు. వాడికి సారీ కూడా చెప్పాను. ట్రాక్టర్ సప్పుడు వస్తే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత మళ్లీ చదువుతాడు. ఆ క్షణం నేనూ ఆగుతాను.