మోటారుకారు రంగుపై లోతైన గాటు - ఇంటివద్ద మరమ్మతు

గత సంవత్సరం తొలకరికి కొద్దిరోజుల ముందు మా వీధిలో ఎవరో సైకిలు తోసుకొని పోతుండగా దాని బ్రేకు కడ్డీ కొన మా కారు ఎడమ తలుపును ఒరుసుకొన్నది. జానెడు పొడవున తెల్లని గీటు పడినది. కారు పాతది, నేను కొనేనాటికే దానికి ఎనిమిదేండ్లు నిండినవి. దానికై తీసుకొన్న అప్పు ఇంకను తీరలేదు. ఒక మరమ్మతు షెడ్డులో అడుగగా, తలుపంతటికీ తిరిగి రంగు వేయవలెనని చెప్పి, ఆ నెల జీతంలో నాకు మిగిలేదానికంటె ఎక్కువ మొత్తమే అడిగినారు. పోయినది అందమే కదా అని ఊరకున్నాను. మూడు నెలల వానలు వెలిసిన తరువాత చూస్తే ఆ గీటు మధ్య గోధుమవన్నె చార ఏర్పడినది. దాని పక్కనే పెసరగింజంత బుడిపె లేచినది. గోటితో ఒత్తగా రంగు పెచ్చుగా రాలి, కింద తుప్పు బయటపడినది. కారుకు రంగు అలంకారం మాత్రమే అని నేననుకొన్నది ఎంత పొరపాటో ఆనాడు తెలిసినది. ఆ పొరపాటును దిద్దుకొన్న విధానాన్ని, దాని వెనుకనున్న కారణాలను విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విద్యలో నాకు గురువు మా మేనమామ. మామూ హైదరాబాదులో ఒక షెడ్డులో ముప్పది సంవత్సరాలు కార్లకు రంగు కొట్టినారు. ఇప్పుడు కొట్టరు, కారణం తరువాత చెబుతాను.

ముందుగా రంగు అనగా ఏమిటో తెలుసుకొనవలెను. కారు తలుపు ఉక్కు రేకుతో చేసినది. దాని మందం ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. తెలుగులో పూవుకూ రేకే, ఇనుముకూ రేకే. ఈ రెండింటికీ ఒకే మాట వాడిన మన పూర్వులు పలుచదనాన్ని చూచి వాడియుందురు గాని, కాపాడనిచో చెడిపోయే గుణంలో కూడ అవి ఒకదానికొకటి దగ్గరివే. కర్మాగారంలో ఈ రేకుకు మొదట ఫాస్ఫేటు ద్రావణంతో పూత పట్టిస్తారు. తరువాత దానిని రంగుతొట్టిలో ముంచి, విద్యుత్తు సహాయంతో తుప్పును నిరోధించే పొర నొకదానిని అంటిస్తారు. చాలా కార్లలో దానిపైన ప్రైమరు, ప్రైమరుపైన అసలు రంగు, అన్నింటికీ పైన గాజువలె పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇన్ని పొరలూ కలిసి సుమారు 100 నుండి 150 మైక్రాన్లు; అనగా రెండు తలవెండ్రుకల మందం. అందులో మన కంటికి కనిపించే రంగు పొర 15 మైక్రాన్లకు కొంచెం అటూ ఇటూ. పైనున్న క్లియర్ కోటు 40 లేక 50 మైక్రాన్లు. ఈ చివరి అంకెను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో మరల పని పడుతుంది.

ఈ పనిముట్లకు కొంత చరిత్ర ఉన్నది. 1920ల వరకు మోటారుకార్లకు వేసే వార్నిషు రంగులు ఆరడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ నైట్రోసెల్యులోజుతో చేసిన త్వరగా ఆరే రంగును డ్యూకో అనే పేరుతో తెచ్చినది. మన పాత పెయింటర్లు నేటికీ "డ్యూకో కొట్టడం" అనడం ఆ పేరు చలవే. నీటిలో తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, మనవారు వాటర్ పేపర్ అనేదానిని, 1921లో త్రీ ఎం సంస్థ తెచ్చినది. అదే సంస్థలోని రిచర్డ్ డ్రూ ఆ కాగితాలను పరీక్షకై రంగుల షెడ్డుకు తీసుకొనిపోయి, అక్కడి పనివారు రెండు రంగుల సరిహద్దులో అంటించిన కాగితాన్ని పీకగా దానితోపాటు రంగు కూడ ఊడిరావడం చూచినాడు. దాని ఫలితమే 1925లో వచ్చిన మాస్కింగ్ టేపు. షెడ్డులో పనివాని విసుగును వినడానికి ఒకడు ఓపిక పట్టినందున పుట్టిన వస్తువు అది.

ఇక తుప్పు. ఇనుము, నీరు, ప్రాణవాయువు, ఈ మూడూ ఒకచోట చేరితే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు కలిసితే విద్యుత్తు సులభంగా ప్రవహించి ఆ చర్య వేగం పెరుగుతుంది. కావుననే విశాఖపట్టణం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంత పట్టణాలలో కారుపై గాటును ఒక్క వారం కూడ ఉపేక్షించరాదు. రాగిపై పట్టే చిలుము కాలక్రమాన గట్టిపడి కింది లోహానికి కొంత కవచమవుతుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది పొడిగా, గుల్లగా ఉండి తేమను లోపలికి రానిస్తుంది. అంతేకాదు, తాను తిన్న ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందువలన చుట్టుపక్కల బాగున్న రంగును కిందినుండి పైకి ఎత్తుతుంది. నేను చూచిన పెసరగింజ బుడిపె అదే. పైన రంగు పూసి తుప్పును కప్పినంత మాత్రాన ఈ పని ఆగదు.

లోతును నిర్ణయించిన తరువాతనే మందు నిర్ణయించవలెను. తడిగుడ్డతో తుడిచినప్పుడు మాయమై, ఆరగానే మరల కనబడితే అది క్లియర్ కోటులోని గీత మాత్రమే, పాలిష్‌తో పోతుంది. వేలిగోటిని అడ్డంగా నడిపినప్పుడు గోరు తట్టుకొంటే అది గాటు. గాటు అడుగున తెలుపో బూడిదవన్నెయో ఉంటే ప్రైమరు వరకు తెగినదని అర్థం. లోహపు మెరుపో గోధుమవన్నెయో ఉంటే రేకు బయటపడినట్లే. పండ్లు తోముకొనే పేస్టు రుద్దితే చాలునని మిత్రులు పలువురు నాకు చెప్పినారు. అది మిక్కిలి మెత్తని రాపిడి పొడి; సన్నని గీతలను కొంత అరగదీయగలదేమో గాని, గాటులో చేరి రెండు రోజులు తెల్లగా ఉండి, తరువాత వానకు కారిపోతుంది.

పనికి కావలసినవి కొద్ది. కారు రంగు సంకేతాన్నిబట్టి తెచ్చిన చిన్న టచప్ సీసా, క్లియర్ సీసా, లోహానికి తగిన తుప్పునాపు ప్రైమరు, కొంచెం లప్పం, మాస్కింగ్ టేపు, 320, 600, 2000, 3000 నంబరు కాగితాలు, రబ్బింగ్ కాంపౌండు, మెత్తని బనియను గుడ్డ. రంగు సంకేతం తలుపు తెరిచిన చోట స్తంభంపైనో, బానెట్టు కిందనో అంటించిన చీటీపై ఉంటుంది. ఇంటి గేటుకు వేయగా మిగిలిన రెడ్ ఆక్సైడును వాడవచ్చునా అని నేనడిగితే మామూ నవ్వినారు. నూనె ఆధారమైన ఆ పూత పూర్తిగా గట్టిపడక ముందే పైన త్వరగా ఆరే రంగు వేస్తే, దానిలోని థిన్నరు కిందిపూతను ఉబ్బించి ముడతలు పడవేస్తుంది.

తలుపును సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, మైనపు జిడ్డు లేకుండ తుడువవలెను. గాటుకు ఇరువైపులా అంగుళం దూరంలో టేపు అంటించవలెను. 320 కాగితాన్ని సన్నగా మడచి గాటు లోపలి తుప్పును పూర్తిగా, లోహం తళతళలాడేవరకు తీయవలెను. ఇక్కడ నీరు వాడరాదు. బయటపడిన లోహంపై తడి నిలిస్తే పని మధ్యలోనే తుప్పు మొదలవుతుంది. గాటు అంచులు మెట్టువలె ఉండక, పళ్ళెం అంచువలె వాలుగా ఉండేటట్లు 600 కాగితంతో సవరించవలెను. ఈ వాలు సరిగా రాకపోతే తరువాత ఎంత రంగు వేసినా గీటు నీడవలె కనబడుతూనే ఉంటుంది. పొడి దులిపి ప్రైమరును సన్నని కుంచె కొనతో లోపల మాత్రమే పూయవలెను.

గాటు మరీ లోతైనప్పుడే లప్పం. హార్డెనరు కలిపే లప్పమైతే వందపాళ్ళకు రెండుపాళ్ళ చొప్పున, డబ్బాపై చెప్పినట్లు కలుపవలెను. ఎక్కువ కలిపితే త్వరగా అవుతుందనుకొనడం భ్రమ. మిగిలిన హార్డెనరు తరువాత పైరంగుకు మరక పట్టించవచ్చును. లప్పం తేమను పీల్చే స్వభావం కలది కనుక దానిని పొడిగానే రుద్ది, వెంటనే ప్రైమరుతో మూసివేయవలెను.

రంగు వేయడంలో నా మొదటి ప్రయత్నం విఫలమైనది. అది ఆదివారం. సన్నని జల్లు పడి వెలిసినది. మరునాడు కాలేజీ, కనుక ఆనాడే ముగించవలెనని ప్రైమరు, రంగు, క్లియరు వరుసగా వేసినాను. సాయంత్రానికి గాటుపై బూజు పట్టినట్లు తెల్లని మసక ఏర్పడినది. దీనికి కారణం భౌతికశాస్త్ర విద్యార్థులు వెంటనే చెప్పగలరు. థిన్నరు ఆవిరి కావడానికి వేడి కావలెను. ఆ వేడిని అది రంగు ఉపరితలంనుండే తీసుకొంటుంది. ఉపరితలం చల్లబడి, తేమగాలిలోని నీరు దానిపై మంచువలె దిగి, ఆరుతున్న పొరలో చిక్కుకొంటుంది. కొత్తకుండలో నీరు చల్లబడడం, ఈ రంగు తెల్లబడడం ఒకే సూత్రం. మామూ చూచి, "జల్దీ నక్కో కర్, బేటా" అన్నారు. తొందర వద్దని ఆయన అన్నది ఆ ఒక్కసారే. నేను వేసినదంతా గీకించి, వానలు పూర్తిగా వెళ్ళి పొడి ఎండలు వచ్చేవరకు ప్రైమరు మీదనే ఉంచినారు. మండే ఎండ కూడ పనికిరాదు. రేకు వేడెక్కితే పైపొర ముందే బిగిసి లోపలి థిన్నరు బుడగలుగా లేస్తుంది. నీడలో ఉదయం పది గంటల వేళ మేలు.

రెండవసారి సీసా మూతలోని కుంచెను వాడలేదు. అది గాటుకంటె వెడల్పు. పుల్ల కొనతో ఒక్కొక్క చుక్క గాటులో దించి, అదే పారేటట్లు చేసినాము. పూతకూ పూతకూ అరగంట విరామం. రంగు ఆరినకొద్దీ కుంగుతుంది కనుక నాలుగు పూతలు పట్టినవి. రంగును అంచుకంటె కొంచెం తక్కువగా ఆపి, క్లియరును అంచుకంటె వెండ్రుకవాసి ఎత్తుగా నింపవలెను. తరువాత వారం రోజులు దాని జోలికి పోరాదు.

క్లియరు విషయంలో ఒక హెచ్చరిక. హార్డెనరు కలిసిన గట్టి క్లియరు డబ్బాలు బజారులో దొరుకుతాయి. వాటి మెరుపు, మన్నిక ఎక్కువే. కాని వాటి హార్డెనరులో ఐసోసైనేట్లు అనే రసాయనాలుంటాయి. పిచికారీ చేసినప్పుడు అవి శ్వాసకోశాలలో చేరి ఉబ్బసం కలిగిస్తాయి. ఒకసారి పడని స్థితి వచ్చిన మనిషికి తరువాత స్వల్పమాత్రం తగిలినా ఊపిరి అందదు. మామూ ముప్పదియేండ్లూ ముక్కుకు రుమాలు మాత్రమే కట్టుకొని పిచికారీ చేసినారు. రుమాలు తుంపరలను కొంత ఆపుతుంది గాని ఆవిరిని ఆపదు. నాకు పని నేర్పుతున్నప్పుడు కూడ ఆయన గాలికి ఎదురుగా, పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకొని కూర్చున్నారు. సంభాషణ మధ్య మధ్య ఆగి ఇన్‌హేలరు పీల్చుకొన్నారు. ఇంటివద్ద పనిచేసేవారు పిచికారీ డబ్బాలను మాని, కుంచెతోనో పుల్లతోనో వేసే మామూలు క్లియరుతో తృప్తిపడవలెను. మా విద్యార్థులలో షెడ్డులలో పనిచేసే అన్నదమ్ములున్నవారు ఇంటికి పోయి ఈ ఒక్క పేరానైనా వారికి చదివి వినిపింపగలరు.

వారం తరువాత చివరి పని. చిన్న రబ్బరు ముక్కకు 2000 కాగితం చుట్టి, సబ్బునీటిలో తడిపి, ఎత్తుగా ఉన్న క్లియరును మాత్రమే రుద్దవలెను. వేళ్ళతో నేరుగా రుద్దితే వేలి ఒత్తిడి పడినచోట గుంట పడుతుంది. ఇందాకటి అంకె ఇక్కడ అక్కరకు వస్తుంది: చుట్టుపక్కల క్లియర్ కోటు 50 మైక్రాన్లకు మించదు. అది అరిగి రంగు బయటపడితే జానెడు గాటు బారెడు మరమ్మతు అవుతుంది. నాలుగు తడవలు రుద్ది, తుడిచి, చూచి, మరల రుద్దవలెను. పిదప 3000 కాగితం, రబ్బింగ్ కాంపౌండు, పాలిష్. కొత్త పూతపై నెల రోజులు మైనం పూయకుండుట మంచిది.

మడతపడిన రేకు, తుప్పు తిని చిల్లిపడిన రేకు ఈ పద్ధతికి లొంగవు. వాటికి షెడ్డే శరణ్యం. ప్లాస్టిక్ బంపరుకు తుప్పు భయం లేదు గాని మామూలు ప్రైమరు దానిని అంటుకోదు. మెటాలిక్ రంగులు కుంచెతో వేస్తే అల్యూమినియం రేణువులు తీరు తప్పి, ఒక కోణంనుండి మచ్చగా కనబడతాయి. మా కారు తెల్లనిది కావడం నా అదృష్టం.

పని ముగిసిన సాయంత్రం మామూ తలుపువద్దకు వచ్చి, కళ్ళు మూసుకొని వేలి కొనతో తలుపుపై ఈ చివరనుండి ఆ చివరకు నడిపినారు. ఒకచోట వేలు ఆగినది. "ఇక్కడ కొంచెం ఎత్తున్నది" అన్నారు. నేను మరల రబ్బరు ముక్కను నీటిలో ముంచినాను.